రెండో గడి

ఫిబ్రవరి 6

బావమరిదికి,

అసలు ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కాగితం తియ్యడం, తారీఖు వెయ్యడం, మళ్లీ సొరుగులో పడెయ్యడం, ఇది మూడోసారి. నీకు సలహా చెప్పడం రాతిగోడకి మేకు దిగ్గొట్టడం లాంటిది. మేకు వంగుతుంది, వేలు చితుకుతుంది, గోడ గోడలాగే ఉంటుంది. అయినా మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన సంగతి మీ అక్క నా చెవిన వేసింది. ఆసుపత్రి వాళ్లు రిటైర్మెంటు ఫారం చేతికిచ్చారట, మార్చి నెలాఖరులోగా నింపి ఇవ్వాలట. అందుకని రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. మా ఫోను హాల్లో ఉంది. నాకు చెవులు మందగించినప్పటినుంచీ నేను ఫోన్లో ఏదన్నా అడిగితే కింద వాటా వాళ్లు జవాబు చెబుతున్నారు.

ఆ ఫారం నాలుగో పేజీలో రెండు గడులుంటాయి. మొదటి గడిలో టిక్కు పెడితే నెలనెలా ఎక్కువ పెన్షను వస్తుంది. నువ్వు పోయిన రోజున అదీ నీతోపాటే పోతుంది. రెండో గడిలో పెడితే కాస్త తక్కువ వస్తుంది, కానీ నీ తరవాత చెల్లెమ్మ బతికున్నంత కాలం ఆవిడకి వస్తూనే ఉంటుంది. ఒకసారి ఇచ్చాక మార్చరు. ఆ ముక్క మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో అడుగున వేస్తారు.

నువ్వు రెండో గడిలో పెట్టు.

ఇక్కడితో ఆపేస్తే మంచి ఉత్తరం అయ్యుండేది. కానీ నా సంగతి నీకు తెలుసు, లిఫ్టులు బాగుచేసి బతికినవాణ్ణి. లిఫ్టుని మోటారు పైకి ఎత్తుతుందని లోకం అనుకుంటుంది. అదేం కాదు. గోడ వెనకాల ఇనప దిమ్మలు పేర్చిన బరువొకటి, ఎవరికీ కనబడకుండా, పెట్టె పైకి వెళ్లినప్పుడల్లా కిందకి దిగుతూ ఉంటుంది. మోటారు చేసేదల్లా ఆ రెండింటి తేడాని లాగడం. నా సర్వీసులో ఒక ఓనరు ఉండేవాడు, మహా పొదుపరి. 'కనబడని చోట ఇంత ఇనుమెందుకయ్యా' అని పది దిమ్మలు తీయించి పాత ఇనుము కింద అమ్మేశాడు. నెల తిరక్కుండా మోటారు కాలిపోయింది. ఇది నీ ఫారానికి ఎలా వర్తిస్తుందో నాకూ తెలీదు. గుర్తొచ్చింది, రాశాను.

ఇంకో సంగతి. రెండు గడులకీ తేడా మూడు వందల అరవై అని చెప్పావట. అదంతా నీ చేతికి వస్తుందనుకోకు. ఆ పై డబ్బు పై శ్లాబులో పడుతుంది, ఐదో వంతు పన్నుకి పోతుంది. మిగిలేది రెండు వందల ఎనభై ఎనిమిది. ఆ కాస్తకీ ఆశపడి చెల్లెమ్మని గాలికి వదిలెయ్యకు.

మీ అక్క కులాసా. ఆవిడ్ని అడక్కుండానే నీకు తన ఆశీస్సులు నేనే రాసేస్తున్నాను. నేను ఉత్తరం రాస్తున్నట్టు ఆవిడకి తెలీదు.

మీ అక్క మొగుడు


ఫిబ్రవరి 14

బావకి,

మీ ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది.

నేను ముందు పోతానని మీరు రూఢిగా అనుకుంటున్నారన్న మాట. నా దగ్గు సంగతి అక్క చెప్పి ఉంటుంది. ముప్పై ఒక్కేళ్లు ఆసుపత్రి లాండ్రీలో బాయిలరు పక్కన నిలబడ్డవాడికి దగ్గు రాకపోతే పనిచెయ్యలేదని అర్థం. రోజుకి తొమ్మిది వందల దుప్పట్లు వస్తాయి. వాటిమీద పడుకున్నవాళ్లలో ఎవరు ఇంటికెళ్లారో ఎవరు వెళ్లలేదో మాకు తెలీదు, ఉతికితే అన్నీ ఒకే తెలుపు. రోజూ అవి చూసేవాడికి చావు గురించి ఇంకొకరు ఉత్తరం రాసి గుర్తు చెయ్యక్కర్లేదు.

మా నాన్న ఎనభై తొమ్మిదేళ్లు బతికాడు. ఇక మీ చెల్లెమ్మకి యాభై ఐదుకే రెండు మోకాళ్లూ పోయాయి. కుట్టుమిషను తొక్కలేక మోటారు పెట్టించుకుంది. ఎవరు ఎవరికి నీళ్లు అందించాలో మాకు తెలుసు. మొదటి గడి అనే నిర్ణయించుకున్నాను. అద్దె పెరుగుతోంది, మీరన్న రెండు వందల ఎనభై ఎనిమిదే మాకు కావాలి.

ఫారంలో కొత్తగా భార్య సంతకానికి కూడా ఒక గీత వేశారు. దాంతో ఇబ్బంది లేదు. ఆవిడ కరెంటు బిల్లయినా, బ్యాంకు కాగితమైనా, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడుతుంది.

ఇంత చెప్పారు కదా, మీరు ఏ గడిలో పెట్టారో అది మాత్రం రాయలేదు.

అక్కకి చెప్పండి, పైన గదికి కొత్త కర్టెన్లు కుట్టింది మీ చెల్లెమ్మ, కొలతలు పంపిస్తే మీకూ కుడుతుంది.

మీ బావమరిది


ఫిబ్రవరి 21

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క చేతిలో పడింది. ఇంటి అడ్రసుకి రాయకని చెప్పడం మరిచిపోవడం నా తప్పు. కవరు మీద తమ్ముడి రాత చూసి చింపింది, భోజనాల దగ్గర పైకి చదివింది. దుప్పట్ల ముక్క దగ్గర కళ్లు తుడుచుకుంది, నీ దగ్గు దగ్గర నన్ను తిట్టింది. వాడు చస్తాడని రాస్తారా మీరు, బుద్ధి ఉండక్కర్లేదా అంది. చివరికొచ్చి 'మీరు ఏ గడిలో పెట్టారు' అన్నది చదివి, నేను నోరు తెరిచేలోగా తనే జవాబు చెప్పేసింది.

"ఇంకేముంది, రెండో దాంట్లోనే. వీడికిది కూడా అడగాలా?"

అని నా కంచం తీసుకుని వెళ్లిపోయింది. నా చెయ్యి ఇంకా ఎంగిలిగానే ఉంది.

నేను మొదటి గడిలో పెట్టాను.

ఇది రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది, కాబట్టి మిగతాది కూడా రాసేస్తాను. నేను రిటైరైన ఏడాదే మీ అక్క ఆసుపత్రిలో ఉంది. గుర్తుందిగా, నువ్వు వారానికోసారి బస్సెక్కి వచ్చి వెళ్లేవాడివి. పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి ఆరు నెలలు, మహా అయితే ఏడాది అన్నాడు. అదే వారంలో నా ఫారానికి ఆఖరి తేదీ. మూడో అంతస్తులో ఆవిడ, కింద కారిడార్లో బెంచీ మీద నేను, మోకాలి మీద ఫారం. ఆ ఆసుపత్రి లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోయి తలుపు టపటపా కొట్టుకుంటోంది. తలుపు కింద గాడిలో ఏదో ఇరుక్కుంది, అంతే. నా చెవి దానిమీదే ఉంది. మనిషి బుర్ర ఎంత నీచమైనదో చూడు, పెళ్లాం పోతోందంటే లిఫ్టు గాడి గురించి ఆలోచిస్తుంది. మందులకి డబ్బు కావాలి, ఆవిడ నాకంటే ముందే పోతుంది, ఇక రెండో గడి ఎవరికి అనుకున్నాను. టిక్కు పెట్టాను. మా రోజుల్లో భార్య సంతకానికి గీత లేదు. ఉంటే మూడంతస్తులు ఎక్కాల్సి వచ్చేది.

ఏడాది తిరిగేసరికి మీ అక్క రెండు సంచులు చెరో చేత్తో పట్టుకుని నాలుగో అంతస్తుకి ఎక్కొచ్చి, లిఫ్టు ఎందుకు రాలేదని నన్ను కేకలేసింది. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం జన్మలో కలగలేదు. ఆ సాయంత్రమే పెన్షను ఆఫీసుకి పరిగెత్తాను. గుమస్తా పేజీ తిప్పి చీమ అక్షరాలు చూపించాడు.

ఇప్పుడు నాకు డెబ్బై. గుండె నాలుగు దెబ్బలు కొట్టి ఐదోది ఎగ్గొడుతోంది. నేను పోతే మర్నాటి నుంచి మీ అక్కకి పెన్షను లేదు. బ్యాంకులో ఉన్నది పద్నాలుగు నెలలు వస్తుంది, పొదుపుగా వాడితే. ఆవిడ ఎంత పొదుపుగా వాడినా పదిహేనో నెల వస్తుంది. అది సరిచెయ్యకుండా నేను పోను. ఎలాగన్నది ఇంకా తేలలేదు.

ఇక మీదట నా లేతు మిషను ఉన్న షెడ్డు అడ్రసుకి రాయి.

బావ


మార్చి 2

బావకి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలీక ఒక రోజంతా డ్రయ్యర్ల దగ్గర తిరిగాను. రోలరులో చెయ్యి పెట్టబోతే ఇస్త్రీ మేస్త్రీ వెనక్కి లాగాడు.

నువ్వు మా అక్క చావు మీద పందెం కాశావు. ఓడిపోయావు. ఓడిపోయింది నువ్వు, కట్టాల్సింది అక్క. నేను వారానికోసారి బస్సెక్కి వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంటే, నువ్వు కింద కూర్చుని ఆవిడ పేరు కొట్టేశావు.

నువ్వు మళ్లీ లిఫ్టుల పనికి వెళుతున్నావని అక్క ఫోన్లో చెప్పింది. డెబ్బై ఏళ్లవాడు మంగళవారం, గురువారం తొమ్మిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు గొయ్యిలోకి దిగుతున్నాడంటే సరదాకనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. అప్పులు చేశావు. ఎంత చేశావో, ఎందుకు చేశావో నాకు అక్కర్లేదు. రెండు వేలకి చెక్కు పెడుతున్నాను. నీ కోసం కాదు.

ఇంకొకటి. అక్క అడిగింది, బావ నీకు మళ్లీ ఏమన్నా రాశాడా, కాగితాలు దాస్తున్నాడు, బరువు తగ్గాడు, ఏదో జబ్బు దాస్తున్నాడని నా అనుమానం అని. ఆ తరవాత ఏమీ రాయలేదని అబద్ధం చెప్పాను. అక్కతో నేను చెప్పిన మొదటి అబద్ధం ఇది. నెలాఖరుకి వస్తాను. అప్పటికి నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

బావమరిది


మార్చి 9

బావమరిదికి,

చెక్కు తిరిగి పంపుతున్నాను, మడత కూడా విప్పలేదు. నాకు పైసా అప్పు లేదు. నన్ను నలభై ఏళ్లలో మొదటిసారి 'నువ్వు' అన్నావు. దానికి నేనేమీ అనుకోలేదు. 'మీరు' అని ఆ మాటలు రాసుంటే ఇంకా బరువుగా ఉండేవి.

లిఫ్టు పని ఎందుకంటే, ఆ జీతం నేను ముట్టను. మీ అక్క కోసం వేరే ఖాతాలో వేస్తున్నాను. పదమూడు నెలలైంది. లెక్క వేసి చూశాను, ఈ లెక్కన నాకు తొంభై ఆరేళ్లు వచ్చేసరికి ఆవిడకి ఇంకో ఐదేళ్లు గడవడానికి సరిపడా పోగవుతుంది. అదీ పన్ను లేకపోతే. పెన్షను మీద జీతం కలిసేసరికి శ్లాబు మారింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ గొయ్యిలో నేను గ్రీజు పూసుకున్న దాంట్లో ఐదో వంతు వాళ్లకే పోయింది.

అందుకని పన్నుల ఆఫీసుకి వెళ్లాను. టోకెను నంబరు నూట పద్నాలుగు, పిలుస్తున్నది ముప్పై ఒకటి. కూర్చున్న కుర్చీ కాలు ఊగుతూంటే నా చిన్న స్పానరు తీసి బిగించాను. పక్కాయన తన కుర్చీ కూడా చూపించాడు. నా నంబరు వచ్చేసరికి పదకొండు కుర్చీలు బిగించాను, కిటికీ వెనకావిడ అదంతా చూస్తూనే ఉందట. కుదురుగా కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఖాతాని మా ఆవిడ పేరుకి మార్చెయ్యనా అనడిగాను. మీరు సంపాదించింది ఆవిడ పేరున వేస్తే పన్ను లెక్కలో అది మీదే అవుతుంది, ఆవిడకంటూ స్వంత ఆస్తి ఏమన్నా ఉందా అంది.

ఉంది. ఈ షెడ్డు. మీ అక్క పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన డబ్బు సగం, నాది సగం పోసి కొన్నాం. కాగితం ఇద్దరి పేరా ఉంది. అమ్మితే వచ్చే లాభంలో ఆవిడ సగం ఆవిడ లెక్కలోకే వెళుతుంది, వేరే ఆదాయం లేదు కాబట్టి దానిమీద పన్ను పడదట. ఆ మొత్తం డబ్బు కట్టి మీ అక్క పేరున నెలనెలా వచ్చే బీమా పథకం ఒకటి కొనచ్చు. బతికినంత కాలం ఇస్తారు. అరవై ఏడు నిండితే మాత్రం చేర్చుకోరు. మీ అక్కకి జూన్ పదకొండుకి నిండుతాయి.

దారి దొరికింది, దారికి అడ్డంగా ఆవిడ సంతకం ఉంది.

జబ్బు సంగతి. ఆవిడ అనుమానం ముదిరి పోయిన శుక్రవారం నన్ను లాబొరేటరీకి లాక్కుపోయింది. మూడు గొట్టాల రక్తం తీశారు. నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించి చెయ్యి చాపాను. రిపోర్టులో అంతా బాగుంది. అది చూసి ఆవిడకి ఇంకా భయం పట్టుకుంది, పరీక్షకి కూడా దొరకని జబ్బని.

నువ్వు రావద్దు. నేనే చెబుతాను.

బావ


మార్చి 15

బావగారికి,

మీరు మళ్లీ 'మీరు' అయ్యారు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి పెట్టి తీద్దామని చూశాను, పట్టలేదు.

అప్పుల విషయం నేను పొరబడ్డాను. చెక్కు వెనక్కి వచ్చింది, చించేశాను.

ఒక్క మాట చెబుతాను, వినండి. అక్కకి ఇదంతా చెప్పి ఏం సాధిస్తారు? ఆవిడ ఆ ఏడాది ఎంత నరకం పడిందో మీకూ తెలుసు. తను పోతుందని తన మొగుడే కాగితం మీద రాసిచ్చాడన్న సంగతి ఇప్పుడు, ఈ వయసులో వినాలా? కాగితాల్లో కాగితంగా అమ్మకం దస్తావేజు పెట్టండి. షెడ్డు పాతబడింది, అమ్మేద్దామంటే సరే అంటుంది. అక్క కూడా మా ఇంటావిడ లాగే, వేలు పెట్టిన చోట సంతకం పెడుతుంది. మీరు పోయాక కూడా ఆవిడకి డబ్బు వస్తుంది, మీ పరువూ నిలుస్తుంది. ఎవరికి నష్టం?

లేదూ, అసలు అడ్డం సంతకం కాదు, మీ లేతు మిషనే అయితే చెప్పండి. ఆ షెడ్డు వదిలి మీరు ఉండలేరని నాకు తెలుసు.

మా ఫారం ఆఖరి తేదీ ముప్పై ఒకటి. సంచీలోనే ఉంది.

మీ బావమరిది


మార్చి 23

బావమరిదికి,

లేతు మాట నిజమే. సగం నిజం. నీ ఉత్తరం చదివి ఆ మిషను ముందు స్టూలేసుకుని గంటసేపు కూర్చున్నాను. ముప్పై ఏళ్లు నేను తిప్పిన చక్రం. సంతకం దొరకలేదనే సాకుతో దీన్నే కాపాడుకుంటున్నానా అని నన్ను నేను అడిగాను. జవాబు మొహమాటంగా వచ్చింది. ఆ మొహమాటం మీద కోపంతోనే లేచి ఇంటికెళ్లి మీ అక్కని పిలుచుకొచ్చాను.

కాగితాల్లో కాగితంగా పెట్టమన్నావు. ఒకటి ఆవిడకి చెప్పకుండా పెట్టినందుకే కదా ఈ తంటా. రెండోది కూడా అలాగే పెడితే ఇక నేను చేసింది పొరపాటు కాదు, అలవాటు.

షెడ్డులో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఫారం నకలు చేతికిచ్చాను. జబ్బు రిపోర్టు అనుకుని కళ్లజోడు పెట్టుకుంది. నాలుగో పేజీ దాకా మెల్లగా చదివింది. ఉత్తరాలు వేరుచేసిన మనిషి, తారీఖు ముందు చూస్తుంది. చూసింది.

ఆ రోజు నేను ఎక్కడున్నాను అంది. మూడో అంతస్తులో అన్నాను. మీరు? కింద, బెంచీ మీద. తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే ఉన్నాను. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని, నా వంక చూడకుండా, గోడకి వేలాడే స్పానర్ల వంక చూస్తూ అంది.

"పోతాననుకున్నారు, సరే. డాక్టరూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆ మాటకి నేను బాధపడను. కానీ బతికొచ్చాను కదా. తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో తిరుగుతున్నాం కదా. ఒక్క రోజు కూడా కుదరలేదా చెప్పడానికి?"

ఈ ప్రశ్నకి జవాబు నీకు తట్టితే రాయి.

తరవాత నా బల్లమీద పెన్సిలు తీసుకుని, ఆ రెండు గడులకీ తేడా ఎంత అనడిగింది. నాలుగు వందల ఎనభై అన్నాను. పన్ను ఎంత పోయింది అంది. ఐదో వంతు. మూడు వందల ఎనభై నాలుగు, నూట ఎనిమిది నెలలు, నలభై ఒక్క వేల నాలుగు వందల డెబ్బై రెండు అని ఫారం వెనకాలే రాసింది. నేను బతికున్నందుకు మీరు ఎక్కువ తిన్న డబ్బు ఇది అంది. చూడు, పన్ను తీసేసి మరీ లెక్క కట్టింది. అంత కోపంలో కూడా న్యాయం తప్పని మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నాలుగు రోజులూ వండి పెట్టింది, కంచం మాత్రం నేనే తీసుకోవాల్సి వచ్చింది. ఐదో రోజు షరతులు చెప్పింది. షెడ్డు అమ్మాలి, లేతుతో సహా. పథకం ఆవిడ పేరున, ఆవిడే వెళ్లి కట్టాలి, నేను వెనక నిలబడాలి. నేను గొయ్యిలోకి దిగడం ఈ నెలతో సరి. ఇక ఒకటో తారీఖున పెన్షను రాగానే మూడు వందల ఎనభై నాలుగు ఆవిడ చేతికివ్వాలి, ఆవిడ రసీదు ఇస్తుంది. పాత బాకీ సంగతి తరవాత చూస్తుందట.

అన్నిటికీ ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నేనెవర్ని అనుకో.

నీ మీద కూడా కోపంగా ఉంది. మనిద్దరం షెడ్డు అడ్రసు మీద చాటుగా ఉత్తరాలు రాసుకుంటున్నామని తెలిసింది. 'వాడి ఫారం సంగతి వాడి పెళ్లాం చూసిందా' అని అడగమంది. అడుగుతున్నాను.

బావ


ఏప్రిల్ 4

బావగారికి,

అక్క ప్రశ్నకి జవాబు నాకు కూడా తట్టలేదు. మీ ఉత్తరం సంచీలో పెట్టుకుని మూడు రోజులు పనికెళ్లాను.

నాలుగో రోజు ఫారం తీసి మీ చెల్లెమ్మ మిషను మీద పెట్టాను. అలవాటు ప్రకారం కలం తీసుకుని ఎక్కడ అంది. సంతకం కాదు, ముందు చదువు అన్నాను. ఏమైంది మీకు, ఉద్యోగం ఊడిందా అంది. నాలుగు పేజీలు చదవడానికి ఆవిడకి ఒక పూట పట్టింది. నేను పక్కనే నిలబడితే పొమ్మంది. చదివాక పిలిచి, మొదటి గడి ఎందుకు అనుకున్నారు అని అడిగింది. మోకాళ్ల సంగతి చెప్పాల్సి వచ్చింది.

"నా మోకాళ్లతో కలిపి నన్నూ లెక్కలోంచి తీసేశారా? మిషను నడిపేది మోకాలు కాదు, మోటారు."

అని రెండో గడిలో తనే టిక్కు పెట్టింది. కలం పెట్టి ఎంత గట్టిగా గీసిందంటే వెనక పేజీలో దిగింది. ఫారం ముప్పయ్యో తారీఖున ఇచ్చేశాను. గుమస్తా ఆ గీత చూసి, భార్యాభర్తల్లో ఎవరు పెట్టారిది అని నవ్వాడు.

రెండు వందల ఎనభై ఎనిమిది తగ్గుతుంది. పైన గది ఖాళీ చేసి కింద ఒక్క గదికి మారుతున్నాం. అద్దె సరిపోతుంది, మెట్లు కూడా తప్పుతాయి. కుట్టిన కర్టెన్లు పొడుగైపోయాయి, కత్తిరిస్తోంది.

అక్కకి నేను విడిగా రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా ప్రతి వారం రాస్తాను, ఒక రోజు మెత్తబడుతుంది.

మీ బావమరిది


జూలై 6

బావమరిదికి,

మీ అక్క నీ ఉత్తరాలన్నీ చదివింది. దాచుకుంది కూడా. జవాబు ఎందుకు రాయవని అడిగితే 'వాణ్ణి ఇంకో రెండు వారాలు రాయనివ్వండి' అంది. నేను చెప్పినట్టు తెలియనివ్వకు.

మే నెలలో షెడ్డు అమ్మేశాం. కొన్నవాడు అల్యూమినియం కిటికీలు చేస్తాడు. బేరం ఆడింది ఆవిడే. నేను మొదటి ధరకే తల ఊపబోతే నా కాలు తొక్కింది. లేతుని లారీకి ఎక్కించడానికి ఆరుగురు పట్టారు. తాళ్లు కట్టడం వాళ్లకి చేతకాక నేను కట్టి ఇచ్చాను. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేటప్పుడు అక్కడి గుమస్తా అమ్మా ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. ఆవిడ ఆ వేలు పక్కకి జరిపి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పదకొండు పేజీలు. వెనక క్యూలో ఉన్నవాళ్లు నన్ను చూస్తున్నారు. నేను గోడ వంక చూస్తున్నాను. చివర్న తన పూర్తి పేరు, నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. నేను నా పేరు దాని కింద రాశాను.

పథకం డబ్బు మే ఇరవై ఎనిమిదిన కట్టింది, అరవై ఏడుకి రెండు వారాల ముందు. నేను వెనక నిలబడ్డాను. పన్నుల ఆఫీసులో లెక్క చూపించడానికి ఇద్దరం వెళ్లాం, రెండు వేరువేరు ఫారాలు. కిటికీ వెనకావిడ నన్ను గుర్తుపట్టి కుర్చీలు బాగానే ఉన్నాయండీ అంది. మీ అక్క వాటా మీద పన్ను పడలేదు. నా వాటా మీద పడింది, కట్టాను.

మంగళ, గురువారాలు ఏం చెయ్యాలో తోచడం లేదు. మా లిఫ్టు చప్పుడు మారిందని వాచ్‌మన్‌తో చెప్పాను, కంపెనీ వాళ్లని పిలుస్తామన్నాడు. రసీదులు నాలుగయ్యాయి. పుస్తకం మొదట్లో మాత్రం పాత బాకీ అని రాసి, మొత్తం వేసి, కింద గీత కొట్టి ఖాళీగా ఉంచింది. ఆ ఖాళీలో ఏం రాస్తుందో నాకు తెలీదు. నేను అడగలేదు.

నా గుండె నాలుగు కొట్టి ఐదోది ఎగ్గొడుతూనే ఉంది. ఎగ్గొట్టనీ.

మొదటి నెల డబ్బు మొన్న మూడో తారీఖున ఆవిడ పేరున బ్యాంకులో పడింది. నిన్న ఒక్కతే వెళ్లి కొంత తీసింది. ఒక గొడుగు కొనుక్కుని వచ్చింది. నల్లది.

బావ